ప్రైమాక్విన్ మాత్రకు ఎర్ర రక్త కణాలే ఎందుకు చితికిపోతాయి? (జీ6పీడీ లోపం, కణంలో ఆక్సీకరణ సమతుల్యం)

సీలేరు_గట్టు:
సభ్యులందరికీ నమస్కారం. మా అక్క కొడుకుకు ఈ మధ్య వైవాక్స్ మలేరియా వచ్చింది. క్లోరోక్విన్‌తో జ్వరం తగ్గిన తరువాత, కాలేయంలో దాగి ఉండే పరాన్నజీవిని తొలగించడానికి 14 రోజుల ప్రైమాక్విన్ మొదలుపెట్టే ముందు వైద్యులు జీ6పీడీ పరీక్ష చేయించారు. పిల్లవాడిలో ఆ ఎంజైమ్ లోపం ఉందని తేలింది. ఆ మాత్రలు ఇవ్వకుండా ఆపి, వాడకూడని మందుల జాబితా ఒకటి చేతికిచ్చారు. కలరా ఉండలు కూడా ఇంట్లో ఉంచవద్దన్నారు. వారు చెప్పినదంతా పాటిస్తున్నాము కాబట్టి ఇక్కడ చికిత్స సలహా అడగడం లేదు. విషయం అర్థం చేసుకోవాలని అడుగుతున్నాను.

జీ6పీడీ అంటే గ్లూకోజును మార్చే ఎంజైమ్ అని ఇంటర్‌లో చదివిన గుర్తు. చక్కెరకు సంబంధించిన ఎంజైమ్ తక్కువైతే, మలేరియా మాత్రకు ఎర్ర రక్త కణాలు పగిలిపోవడమేమిటి? ఆ జన్యువు శరీరంలోని కణాలన్నింటిలోనూ ఉన్నప్పుడు ఎర్ర కణాలకే ఈ ముప్పు ఎందుకు? ఇదంతా ఆక్సీకరణ ఒత్తిడి అంటున్నారు కదా, మరి మందుల దుకాణాల్లో దొరికే యాంటీఆక్సిడెంట్ మాత్రలతో ఆ లోటు భర్తీ కాదా?

జీవరసాయని:
మీ మూడు ప్రశ్నలకూ మూలం ఒక్కటే కాబట్టి, ఏ మందూ ఏ జబ్బూ లేనప్పుడు ఎర్ర రక్త కణంలో రోజూ ఏం జరుగుతుందో మొదట చూద్దాం. హీమోగ్లోబిన్‌లోని ఇనుముకు అంటుకున్న ఆక్సిజన్ అణువు దాదాపు ఎల్లప్పుడూ వచ్చినట్టే విడిపోతుంది. అయితే ఎప్పుడో ఒకసారి పోతూ పోతూ ఇనుము నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను వెంట తీసుకుపోతుంది. అలా వెళ్లినది సూపరాక్సైడ్. వెనుక మిగిలినది ఆక్సిజన్‌ను మోయలేని మెట్‌హీమోగ్లోబిన్. మొత్తం హీమోగ్లోబిన్‌లో రోజుకు 3 శాతం వరకు ఇలా మారుతుందని అంచనా. అంటే పూర్తి ఆరోగ్యవంతుడి కణం కూడా పుట్టిన క్షణం నుంచి ఈ సూపరాక్సైడ్‌తోనే బతుకుతోంది.

ఎద్దు రక్తం నుంచి తీసిన ఒక రాగి ప్రోటీన్‌ను చాలాకాలం రాగిని నిల్వ చేసే ప్రోటీన్ అనుకున్నారు. అది సూపరాక్సైడ్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా, ఆక్సిజన్‌గా మార్చే ఎంజైమ్ అని 1969లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో జో మెక్‌కార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ చూపించారు. దానినే సూపరాక్సైడ్ డిస్మ్యూటేజ్ అంటున్నాం. కానీ పెరాక్సైడ్ తయారైనంత మాత్రాన పని ముగిసినట్టు కాదు. విడిగా దొరికిన ఇనుముతో అది కలిస్తే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. ఆ రాడికల్ పక్కన ఏముంటే దానిని, కొవ్వైనా ప్రోటీన్ అయినా డీఎన్‌ఏ అయినా, అక్కడికక్కడే దెబ్బతీస్తుంది. దానిని పట్టుకుని అణచే ఎంజైమ్ ఏ జీవిలోనూ లేదు. పుట్టకుండా చూడటమొక్కటే మార్గం. ఇనుమును ఫెర్రిటిన్ వంటి ప్రోటీన్లలో బంధించి ఉంచడం, పెరాక్సైడ్‌ను వెంటవెంటనే నీరుగా మార్చడం ఆ మార్గంలోని రెండు భాగాలు.

పెరాక్సైడ్‌ను నీరుగా మార్చే ఎంజైమ్‌లు ఎర్ర కణంలో ప్రధానంగా మూడు: కెటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్, పెరాక్సిరెడాక్సిన్-2. రెండవదానికి కావలసిన ఎలక్ట్రాన్లను గ్లూటాథయోన్ ఇస్తుంది. ఇది మూడు అమైనో ఆమ్లాల చిన్న అణువు, మధ్యలో గంధకం ఉన్న సిస్టీన్. ఎలక్ట్రాన్లు ఇచ్చేశాక రెండు గ్లూటాథయోన్లు గంధకం దగ్గర ఒకదానికొకటి అతుక్కుపోతాయి. వాటిని విడదీసి మళ్లీ పనికి సిద్ధం చేసేది గ్లూటాథయోన్ రిడక్టేజ్. ఆ రిడక్టేజ్‌కు ఎలక్ట్రాన్లు తెచ్చేది ఎన్‌ఏడీపీహెచ్. పెరాక్సిరెడాక్సిన్‌ను కూడా థయోరెడాక్సిన్ అనే చిన్న ప్రోటీన్ ద్వారా ఎన్‌ఏడీపీహెచ్‌యే తిరిగి నిలబెడుతుంది. ఆ ఎన్‌ఏడీపీహెచ్‌ను ఎర్ర కణం గ్లూకోజు నుంచి పెంటోజ్ ఫాస్ఫేట్ మార్గంలో తయారు చేసుకుంటుంది. ఆ మార్గానికి మొదటి మెట్టు మీ పిల్లవాడిలో తక్కువగా ఉన్న జీ6పీడీ.

కాబట్టి చక్కెరకూ ఆక్సీకరణకూ సంబంధం ఎక్కడ అంటే ఇక్కడ. పెరాక్సైడ్‌ను నీరుగా మార్చే ఎలక్ట్రాన్లు చివరికి మనం తిన్న అన్నంలోని గ్లూకోజు నుంచే వస్తున్నాయి.

మన్యం_వైద్యం:
జీవరసాయని గారు కణం లోపలి సంగతి చెప్పారు. మందు వైపు సంగతి నేను చెబుతాను. ప్రైమాక్విన్ నేరుగా కణాన్ని పగలగొట్టదు. కాలేయంలో సీవైపీ2డీ6 అనే ఎంజైమ్ దానిని హైడ్రాక్సీ రూపాలుగా మారుస్తుంది. ఆ రూపాలు ఒకసారి ఎలక్ట్రాన్ పోగొట్టుకుని, మరోసారి తెచ్చుకుని, ఇలా తిరుగుతూ ప్రతి చుట్టుకూ ఆక్సిజన్ నుంచి పెరాక్సైడ్‌ను పుట్టిస్తాయి. పరాన్నజీవిని చంపేదీ ఆ రూపాలే, ఎర్ర కణాన్ని ఇబ్బంది పెట్టేదీ ఆ రూపాలే. అందుకే ఈ మందులో గుణాన్నీ దోషాన్నీ విడదీయడం ఇప్పటికీ సాధ్యం కాలేదు.

లోపం ఉన్నవారిలో మందు మొదలైన రెండు మూడు రోజులకు మూత్రం టీ డికాక్షన్ రంగుకు మారుతుంది, కళ్లు పచ్చబడతాయి, నడుము నొప్పి, ఆయాసం వస్తాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే కణాల లోపల హైంజ్ కణికలు కనిపిస్తాయి. ఆక్సీకరణకు గురై ముద్ద కట్టిన హీమోగ్లోబినే అది. ప్లీహం ఆ ముద్దలను కొరికి తీసేయడంతో అంచు తెగిన కణాలు కూడా కనిపిస్తాయి.

ఈ లోపం బయటపడిన తీరు వైద్య చరిత్రలో గర్వపడదగినది కాదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలం నుంచి అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో స్టేట్‌విల్ జైలు ఖైదీలకు కావాలని మలేరియా సోకించి మందులు పరీక్షించారు. ప్రైమాక్విన్ పడని నల్లజాతి ఖైదీల రక్త కణాలకు రేడియోధార్మిక క్రోమియంతో గుర్తు పెట్టి, మందు పడేవారికి ఎక్కించి చూస్తే, కొత్త ఒంట్లోనూ ఆ కణాలే పగిలాయి. దోషం ఒంటిలో కాదు, కణంలో ఉందని అలా తేలింది. 1956లో కార్సన్, ఆల్వింగ్ తదితరులు ఆ కణాల్లో జీ6పీడీ లోపాన్ని గుర్తించారు. ఈనాడు ప్రపంచంలో సుమారు 40 కోట్ల మందిలో ఈ లోపం ఉందని అంచనా. ఆ జ్ఞానం వారందరికీ ఉపయోగపడింది, నిజమే; కానీ జైలులో ఉన్న మనిషి ఇచ్చిన అంగీకారాన్ని అంగీకారం అనవచ్చునా అన్న ప్రశ్న ఇంకా అలాగే ఉంది.

గోదారి_విద్యార్థిని:
నేను జీవరసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. నాకు ఒక సందేహం. లోపం అన్నంత మాత్రాన ఎంజైమ్ సున్నా కాదు కదా. ఆఫ్రికా మూలాలున్న ఏ-మైనస్ రకంలో 10 శాతం వరకు చర్య మిగిలి ఉంటుందని పాఠంలో ఉంది. మామూలు రోజుల్లో వీరికి ఏ ఇబ్బందీ ఉండదని కూడా ఉంది. పదో వంతుతో ఇన్నాళ్లూ గడిచినప్పుడు, ఒక్క మాత్రకే ఎందుకు కూలిపోవాలి?

జీవరసాయని:
చాలా మంచి ప్రశ్న, అసలు కీలకం ఇక్కడే ఉంది. సాధారణ ఎర్ర కణంలో జీ6పీడీ తన పూర్తి సామర్థ్యంలో 1, 2 శాతం మాత్రమే పనిచేస్తూ ఉంటుంది. దానిని అదుపులో ఉంచేది దాని సొంత ఉత్పత్తి అయిన ఎన్‌ఏడీపీహెచ్‌యే. కణంలో ఎన్‌ఏడీపీహెచ్ నిండుగా, ఎలక్ట్రాన్లు ఇచ్చేశాక మిగిలే ఎన్‌ఏడీపీ కొద్దిగా ఉన్నంతసేపు ఎంజైమ్ దాదాపు నిద్రపోతుంది. పెరాక్సైడ్ పెరిగి ఎన్‌ఏడీపీహెచ్ ఖర్చు కాగానే ఆ పట్టు సడలి, గ్లూకోజు ప్రవాహం ఒక్కసారిగా పెంటోజ్ మార్గం వైపు మళ్లుతుంది. దీనికి తోడు గ్లూకోజును విరిచి శక్తిని తీసే మార్గమైన గ్లైకాలసిస్‌లోని జీఏపీడీహెచ్ అనే ఎంజైమ్‌లో ఒక సిస్టీన్ ఉంది. పెరాక్సైడ్ తగిలితే అది ఆక్సీకరణ చెంది ఎంజైమ్ ఆగుతుంది. కింది దారి మూతపడిన కొద్దీ పైన గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ పేరుకుని పెంటోజ్ మార్గానికే పోతుంది. ఇదంతా సెకన్లలో జరిగే పని. జన్యువులతో సంప్రదించే వ్యవధి కూడా అక్కరలేదు.

ఇప్పుడు లోపమున్న కణాన్ని చూడండి. మామూలు రోజున కావలసింది ఒకటి రెండు శాతమే కాబట్టి పదో వంతు ఎంజైమ్‌తో ఏ ఇబ్బందీ కనిపించదు, రక్త పరీక్షలో హీమోగ్లోబిన్ కూడా సరిగానే ఉంటుంది. అవసరం పదుల రెట్లు పెరిగిన రోజున మాత్రం పెంచుకోవడానికి అక్కడ ఏమీ మిగిలి లేదు. చెరువులో నీరెంత ఉందన్నది కాదు ఇక్కడి లెక్క, తూము ఎంత వెడల్పు అన్నది. గ్లూటాథయోన్ మొత్తం పరిమాణం బాగానే ఉండవచ్చు. వాడినదానిని వాడిన వేగంతో తిరిగి సిద్ధం చేయలేకపోవడమే లోపం.

ఇంకొక సూక్ష్మం కూడా ఉంది. కెటలేజ్‌కు ఎన్‌ఏడీపీహెచ్‌తో పనిలేదని చాలా పాఠ్యపుస్తకాలు రాస్తాయి, ఎందుకంటే అది పెరాక్సైడ్‌ను పెరాక్సైడ్‌తోనే విడగొడుతుంది. అయితే 1984లో కిర్క్‌మన్, గేటానీ అనే శాస్త్రజ్ఞులు మనిషి కెటలేజ్‌లోని నాలుగు భాగాలకూ ఒక్కొక్క ఎన్‌ఏడీపీహెచ్ అంటుకుని ఉంటుందని కనుగొన్నారు. పెరాక్సైడ్ తక్కువగా, నెమ్మదిగా వస్తున్నప్పుడు కెటలేజ్ పనికిరాని రూపంలో ఇరుక్కుపోకుండా కాపాడేది అదే. అంటే ఎన్‌ఏడీపీహెచ్ పడిపోతే మూడు రక్షణలూ ఒకేసారి బలహీనపడతాయి.

గోదారి_విద్యార్థిని:
ధన్యవాదాలండీ. జన్యువు కణాలన్నింటిలోనూ ఉందన్న సీలేరు_గట్టు గారి రెండవ ప్రశ్నకు నాకు తోచిన సమాధానం రాస్తాను, సరిచూడండి. ఎర్ర కణానికి కేంద్రకం లేదు, రైబోజోములు లేవు, మైటోకాండ్రియా లేదు. మజ్జలో తయారైన రోజు తెచ్చుకున్న ఎంజైమ్‌తోనే 120 రోజులు గడపాలి. కాలేయ కణంలోనైతే జీ6పీడీ అస్థిరంగా ఉండి విరిగిపోయినా కొత్తది తయారవుతూ ఉంటుంది. పైగా మాలిక్ ఎంజైమ్, ఐసోసిట్రేట్ డీహైడ్రోజనేజ్, ఫోలేట్ చక్రం వంటి ఇతర మార్గాల్లోనూ ఎన్‌ఏడీపీహెచ్ దొరుకుతుంది.

మన్యం_వైద్యం:
సరిగ్గా రాశారమ్మా. వైద్యంలో దీని పర్యవసానం ఆసక్తికరంగా ఉంటుంది. సాధారణ ఎంజైమ్ చర్య కణంలో సగానికి తగ్గడానికి దాదాపు 60 రోజులు పడితే, ఏ-మైనస్ రకంలో 13 రోజులే పడుతుంది. అందువల్ల అదే మనిషి రక్తంలో మజ్జ నుంచి కొత్తగా వచ్చిన కణాలు మందును తట్టుకుంటాయి, ముసలి కణాలు పగులుతాయి. ఏ-మైనస్ ఉన్నవారిలో ముసలి కణాలన్నీ పోయాక మందు ఆపకపోయినా రక్తం పగలడం తగ్గుముఖం పట్టడానికి కారణం అదే. మధ్యధరా రకంలో కొత్త కణాల్లో కూడా ఎంజైమ్ నిలవదు కాబట్టి ఆ వెసులుబాటు లేదు, ప్రమాదం ఎక్కువ. మన దేశపు గిరిజన జనాభాల్లో ప్రధానంగా కనిపించేది జీ6పీడీ ఒరిస్సా రకం, 1995లో వర్ణించారు; ఎంజైమ్‌లో 44వ స్థానంలో ఎలనిన్ బదులు గ్లైసిన్ ఉంటుంది.

పరీక్ష చేసే సమయం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. రక్తం పగిలిన వెంటనే పరీక్షిస్తే, మిగిలినవన్నీ కుర్ర కణాలు కాబట్టి లోపం లేదని తప్పుగా రావచ్చు. అటువంటప్పుడు సుమారు మూడు నెలలు ఆగి మళ్లీ చేయిస్తాము.

హేతువాది_73:
చర్చ బాగుంది, కానీ అసలు విషయం మరుగున పడుతోంది అనిపిస్తోంది. మనం పీల్చే ఆక్సిజన్‌లో 1 నుంచి 2 శాతం మైటోకాండ్రియాలో ఫ్రీ రాడికల్స్‌గా మారుతుందని, ముసలితనానికీ క్యాన్సర్‌కూ గుండె జబ్బుకూ మూలం అదేనని ఎన్నో చోట్ల చదివాను. అంతటి విషం నిత్యం తయారవుతున్నప్పుడు విటమిన్ సి, ఇ, బీటా కెరోటిన్ ఎక్కువగా తీసుకోవడంలో తప్పేముంది? అందరికీ మేలు చేసేది జీ6పీడీ లోపం ఉన్నవారికి మరింత మేలు చేయాలి కదా.

మైటో_మిత్ర:
హేతువాది గారూ, ఆ 1, 2 శాతం లెక్క 1970లలో కణం నుంచి వేరుచేసిన మైటోకాండ్రియా మీద, గాలిలో ఉన్నంత ఆక్సిజన్‌లో, ఆహార పదార్థాలను దండిగా ఇచ్చి కొలిచినది. కణజాలం లోపల ఆక్సిజన్ అంతకంటే చాలా తక్కువ. మన ఒంట్లోని లెక్క అంతకంటే ఎంతో తక్కువగా ఉంటుందని ఈ రంగంలో పనిచేసేవారు చాలామంది భావిస్తున్నారు. ఆ అంకె మాత్రం పుస్తకం నుంచి పుస్తకానికి, అక్కడి నుంచి మాత్రల డబ్బా మీదికి వచ్చి చేరింది.

మీ ప్రశ్నకు ప్రయోగాలే జవాబు చెప్పాయి. ఫిన్లాండులో 29,133 మంది పొగతాగే మగవారికి రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్, లేదా విటమిన్ ఇ, లేదా రెండూ, లేదా ఉత్త మాత్ర ఇచ్చి ఏళ్ల తరబడి గమనించారు. 1994లో ఫలితం వెలువడింది: బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. అమెరికాలో జరుగుతున్న ఇటువంటిదే మరొక పరిశీలనను 1996లో హాని కనిపించి మధ్యలోనే ఆపారు. 2009లో జర్మనీలో చేసిన ఒక చిన్న పరిశీలనలో, వ్యాయామం వల్ల ఇన్సులిన్‌కు శరీరం స్పందించే తీరు మెరుగుపడగా, రోజూ 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ కలిపి తీసుకున్నవారిలో ఆ మెరుగుదల కనిపించలేదు.

కారణం వెతికితే రెండు దొరుకుతాయి. మొదటిది వేగం. పెరాక్సైడ్‌తో పెరాక్సిరెడాక్సిన్ కలిసే వేగానికీ, ఎంజైమ్ సాయం లేని ఉత్త గ్లూటాథయోన్ కలిసే వేగానికీ కోటి రెట్లకు పైగా తేడా ఉంది. కణంలో మిల్లీమోలార్ స్థాయిలో ఉన్న గ్లూటాథయోనే ఎంజైమ్ లేనిదే ఇంచుమించు నిస్సహాయమైనప్పుడు, మాత్ర నుంచి రక్తంలోకి చేరే కొద్దిపాటి విటమిన్ పెరాక్సైడ్ మీద చూపగల ప్రభావం ఎంత?

రెండవది, పెరాక్సైడ్ వట్టి విషం కాదు. ఇన్సులిన్ తన గ్రాహకానికి తగలగానే కణం తనంత తానే కొద్దిగా పెరాక్సైడ్‌ను తయారు చేసుకుంటుంది. అది ఆ సంకేతాన్ని చెరిపేసే పీటీపీ1బీ అనే ఎంజైమ్‌లోని సిస్టీన్‌ను తాత్కాలికంగా ఆక్సీకరించి, సంకేతం వెంటనే చెరిగిపోకుండా నిలుపుతుంది. తెల్ల కణాలైతే సూక్ష్మజీవులను చంపడానికి ఎన్‌ఏడీపీహెచ్ ఆక్సిడేజ్‌తో సూపరాక్సైడ్‌ను పెద్ద ఎత్తున ఉత్పత్తి చేస్తాయి. ఆ ఎంజైమ్ పుట్టుకతో లేని పిల్లలకు దీర్ఘకాలిక గ్రాన్యులోమా వ్యాధి వచ్చి, మామూలు బూజులు, బ్యాక్టీరియాలే ప్రాణాంతకమవుతాయి. గమనించండి, సూపరాక్సైడ్‌ను పుట్టించడానికీ అణచడానికీ పెట్టుబడి ఎన్‌ఏడీపీహెచ్‌యే. అందుకే జీ6పీడీ చర్య మరీ అడుగంటిన అరుదైన రకాల్లో తెల్ల కణాలు కూడా సూక్ష్మజీవులను చంపలేకపోయిన సందర్భాలు ఉన్నాయి.

నిర్వాహకులు:
ఈ దారంలో ఒక సభ్యులు రక్తశుద్ధి చూర్ణం ఒకదానికి ఫోన్ నంబరుతో ప్రకటన పెట్టారు, తొలగించాము. చికిత్స పొందుతున్న పిల్లవాడి ప్రస్తావన ఉన్న చర్చలో అమ్మకాలకు చోటు లేదు.

హేతువాది_73:
ఫిన్లాండు ఫలితం నాకు తెలియదు, వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. అయినా ఒక అభ్యంతరం మిగిలింది. పారాసిటమాల్ మోతాదు మించి మింగినవారికి ఆసుపత్రిలో ఎన్-ఎసిటైల్ సిస్టీన్ ఇచ్చి బతికిస్తారు. అది గ్లూటాథయోన్‌ను పెంచే మందే కదా. బయటి నుంచి ఇచ్చినది అక్కడ పనిచేసినప్పుడు ఇక్కడ ఎందుకు చేయదు?

జీవరసాయని:
ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటమే మంచి పాఠం. పారాసిటమాల్ ఎక్కువైనప్పుడు కాలేయంలో పుట్టే విషపదార్థం గ్లూటాథయోన్‌కు శాశ్వతంగా అతుక్కుని, దానిని వెంటబెట్టుకుని బయటికి పోతుంది. నిల్వే అడుగంటుతుంది. కొత్త గ్లూటాథయోన్ తయారు చేయడానికి కొరతగా ఉండే ముడిసరుకు సిస్టీన్. ఎన్-ఎసిటైల్ సిస్టీన్ దానిని అందిస్తుంది, కాలేయ కణం తన యంత్రాంగంతో మిగతా పని చేసుకుంటుంది. మింగిన 8 గంటల లోపు ఇస్తే ఫలితం అద్భుతంగా ఉండటానికి కారణం ఇదే.

జీ6పీడీ లోపంలో గ్లూటాథయోన్ ఎక్కడికీ పోలేదు, ఆక్సీకరణ చెందిన రూపంలో అక్కడే పడి ఉంది. సిస్టీన్ ఎంత పోసినా దానిని తిరిగి క్షయకరణం చేసే, అంటే పాత రూపానికి తెచ్చే ఎలక్ట్రాన్లు రావు. విటమిన్ సి విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ఎక్కువ మోతాదులో నరానికి ఎక్కించినప్పుడు అది ఇనుము, రాగి సమక్షంలో తానే పెరాక్సైడ్‌ను పుట్టిస్తుంది. జీ6పీడీ లోపం ఉన్నవారిలో అలా రక్తం పగిలిన ఉదంతాలు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి. పళ్లలో, కూరల్లో వచ్చే విటమిన్ సి గురించి కాదు నేను చెబుతున్నది. మిథిలీన్ బ్లూ సంగతీ ఇంతే. మెట్‌హీమోగ్లోబిన్ పెరిగినవారికి అది విరుగుడు, కానీ పనిచేయడానికి ఎన్‌ఏడీపీహెచ్ కావాలి. లోపం ఉన్నవారికి విరుగుడుగా పనికిరాకపోగా తానే కణాలను పగలగొట్టవచ్చు.

గోదారి_విద్యార్థిని:
మాకు ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే, రక్షణ జన్యువులను పనిచేయించే ప్రోటీన్ గురించి పాఠం ఉంది. ఆక్సీకరణ పెరిగితే కణం తన రక్షణను తానే పెంచుకుంటుందని చెప్పారు. అది ఎర్ర కణంలో పనిచేయదా?

మైటో_మిత్ర:
పనిచేయదు, కేంద్రకం లేదు కాబట్టి. మిగతా కణాల్లో అది చాలా అందమైన ఏర్పాటు. కీప్1 అనే ప్రోటీన్ ఎన్‌ఆర్‌ఎఫ్2ను పట్టుకుని విధ్వంసానికి పంపుతూ ఉంటుంది, అందువల్ల మామూలుగా ఎన్‌ఆర్‌ఎఫ్2 సగం ఆయుష్షు, అంటే సగానికి తగ్గే సమయం, 20 నిమిషాల పాటే. కీప్1లోని కొన్ని సిస్టీన్లు ఆక్సీకరణకు గానీ, చురుకైన రసాయనాలకు గానీ గురైతే ఆ పట్టు వదులుతుంది. అప్పుడు ఎన్‌ఆర్‌ఎఫ్2 కేంద్రకంలోకి చేరి, గ్లూటాథయోన్ తయారు చేసే ఎంజైమ్‌ను, థయోరెడాక్సిన్ రిడక్టేజ్‌ను, జీ6పీడీని కూడా పెంచుతుంది. ఈ రక్షణ ఎప్పుడూ పూర్తిగా తెరిచి ఉంటే మేలే కదా అనిపిస్తుంది. అయితే ఊపిరితిత్తుల క్యాన్సర్లలో కొన్నింటిలో కీప్1 జన్యువు చెడిపోయి ఎన్‌ఆర్‌ఎఫ్2 నిరంతరం పనిచేస్తూ, ఆ క్యాన్సర్ కణాలే చికిత్సను తట్టుకునేలా చేస్తుంది.

సమతుల్యం అన్న మాటను ఒక కణానికంతటికీ ఒకే అంకెగా తీసుకోకూడదని కూడా ఇక్కడే చెప్పాలి. కణద్రవంలో గ్లూటాథయోన్ దాదాపు అంతా క్షయకరణ రూపంలో ఉంటుంది. అదే కణంలోని ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలో ఆక్సీకరణ రూపం వాటా ఎంతో ఎక్కువ. 1992 నాటి కొలతల్లో క్షయకరణ రూపానికీ ఆక్సీకరణ రూపానికీ నిష్పత్తి అక్కడ 1:1 నుంచి 3:1 మధ్య కనిపించింది. ఇన్సులిన్ వంటి ప్రోటీన్లలో గంధకాల మధ్య బంధాలు ఏర్పడాలంటే ఆ ఆక్సీకరణ వాతావరణమే కావాలి. గ్లూటాథయోన్ ఎంత క్షయకరణ స్థితిలో ఉంటే అంత మంచిదనే సూత్రాన్ని అక్కడ అమలు చేస్తే ఇన్సులిన్‌ను తయారు చేసే బీటా కణం దానిని సరైన ఆకారంలోకి మడవలేదు.

సీలేరు_గట్టు:
అందరికీ కృతజ్ఞతలు. నా మూడవ ప్రశ్నకు సమాధానం స్పష్టంగా అందింది, మాత్రల ఆలోచన విరమించుకున్నాను. ఇంటి సంగతులు రెండు అడుగుతాను. కలరా ఉండలకూ దీనికీ ఏమిటి సంబంధం? పిల్లవాడికి ఒక చెల్లెలు ఉంది. మా బావగారి అన్నదమ్ముల పిల్లలు కూడా అదే ఊరిలో ఉన్నారు. ఎవరెవరికి పరీక్ష చేయించాలి?

మన్యం_వైద్యం:
కలరా ఉండల్లో ఉండేది నాఫ్తలీన్. శరీరంలో అది నాఫ్తాల్‌గా, నాఫ్తోక్వినోన్లుగా మారి ప్రైమాక్విన్ రూపాల మాదిరిగానే ఎర్ర కణాలను ఆక్సీకరిస్తుంది. మింగితేనే అని కాదు; ఉండలు వేసి దాచిన దుప్పట్లలో చుట్టిన పసిపిల్లలకు కూడా రక్తం పగిలి కామెర్లు ముదిరిన సందర్భాలు ఉన్నాయి. ఆ బట్టలు ఎండలో వేసి బాగా ఆరనిచ్చాకే వాడండి. డాప్సోన్, నైట్రోఫ్యురాంటోయిన్, రాస్‌బ్యూరికేస్ వంటి మందుల పేర్లు మీ జాబితాలో ఉండే ఉంటాయి. ఆ కాగితం ప్రతి ఆసుపత్రికీ వెంట తీసుకువెళ్లండి. మలేరియా తిరగబెట్టకుండా చూడటానికి లోపం ఉన్నవారికి వారానికి ఒకసారి చొప్పున 8 వారాలు, కిలో బరువుకు 0.75 మిల్లీగ్రాముల ప్రైమాక్విన్‌ను వైద్య పర్యవేక్షణలో ఇచ్చే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. మోతాదుకూ మోతాదుకూ మధ్య మజ్జ కొత్త కణాలను పంపే వ్యవధి దొరుకుతుందన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. అది మీ వైద్యులు నిర్ణయించవలసినది. టాఫెనోక్విన్ అనే కొత్త మందు ఒక్క మోతాదు చాలు అంటారు, కానీ దాని సగం ఆయుష్షు రెండు వారాల పైచిలుకు. ప్రైమాక్విన్ కొన్ని గంటల్లో తగ్గుతుంది, ఇబ్బంది వస్తే ఆపవచ్చు. దీనిని మింగాక ఆపే దారి లేదు. అందుకే ఎంజైమ్ చర్య 70 శాతానికి మించి ఉందని కొలిచి చూశాకే ఇస్తారు.

ఇక బంధువుల సంగతి. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంది. మగపిల్లవాడికి ఎక్స్ తల్లి నుంచే వస్తుంది కాబట్టి మీ బావగారి అన్నదమ్ముల పిల్లలకు ఈ పిల్లవాడి కారణంగా పరీక్ష అక్కరలేదు. మీ అక్కగారు వాహకురాలు, అంటే రెండు ఎక్స్‌లలో ఒకదానిలో లోపం ఉన్నవారు, అయి ఉండే అవకాశమే ఎక్కువ. అప్పుడు చెల్లెలికి ఆ జన్యువు వచ్చే అవకాశం సగానికి సగం, తండ్రికి కూడా లోపం ఉంటే అంతకంటే ఎక్కువ. ఆడపిల్లల్లో రెండు ఎక్స్‌లలో ప్రతి కణంలోనూ ఒకటే పనిచేస్తుంది కాబట్టి, ఒకే రక్తంలో లోపమున్న కణాలూ లేని కణాలూ కలిసి ఉంటాయి. మామూలు ఫ్లోరసెంట్ స్పాట్ పరీక్షలో, అతినీలలోహిత కాంతిలో ఎన్‌ఏడీపీహెచ్ మెరుస్తుందా లేదా అని చూస్తారు. సుమారు 30 శాతానికి పైగా చర్య ఉంటే మెరుపు కనిపిస్తుంది కాబట్టి 30కీ 70కీ మధ్య ఉన్న ఆడవారు లోపం లేనివారుగానే లెక్కకు వస్తారు. అందుకే ఆమెకు అంకెలో చర్యను కొలిచే పరీక్ష చేయించండి.

మీరు పిల్లవాడికి మేనమామ అవుతారు కాబట్టి మరొక మాట. మీ అక్కగారికి ఈ ఎక్స్ మీ అమ్మగారి నుంచి వచ్చి ఉంటే, మీకూ అది వచ్చే అవకాశం సగానికి సగం. మీరూ పరీక్ష చేయించుకోండి. మన వైపు మేనరికాలు ఇంకా ఉన్నాయి గనుక దాపరికం లేకుండా చెబుతున్నాను: లోపమున్న మేనమామకూ వాహకురాలైన మేనకోడలికీ పెళ్లి జరిగితే, పుట్టే ఆడపిల్లల్లో సగం మందికి రెండు ఎక్స్‌లలోనూ లోపం వచ్చే అవకాశం ఉంది. అప్పుడు వారికి మగపిల్లలంత తీవ్రంగానే ఉంటుంది.

సీలేరు_గట్టు:
నాకు ఇంతవరకు ఆ ఆలోచనే రాలేదండీ. అమ్మకు, అక్కకు, పిల్లవాడి చెల్లెలికి, నాకు కలిపి ఒకేసారి చేయించేస్తాము. చర్యను అంకెలో కొలిచే పరీక్ష కావాలని ప్రయోగశాలలో స్పష్టంగా అడుగుతాను.

మన్యం_వైద్యం:
చేయించండి. అయితే ఆ నలుగురిలో ఎవరికైనా ఈ మూడు నెలల్లో రక్తం ఎక్కించి ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి. దాత కణాలు కలిసి ఉన్నంతకాలం అంకె నమ్మదగినది కాదు.